మైకక్క ఆలస్యపు రాగం

మైకక్క నోరు విప్పిందంటే బస్టాండు మొత్తం లేచి నిలబడాల్సిందే. మనుషుల సంగతి అటుంచండి, తొమ్మిదో ప్లాట్‌ఫారం మీద పడుకునే గోధుమరంగు కుక్క కూడా "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని వినపడగానే ఒళ్ళు దులుపుకుని వరసలో నిలబడేది. నమ్మకపోతే ఆ కుక్కనే అడగండి, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇరవై నాలుగేళ్ళుగా ఆవిడ పని అదే. టికెట్ల కిటికీ పక్కన అగ్గిపెట్టెకి అన్నలాంటి గది. అందులో ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక మైకు, దాని కింద ఎర్ర బొత్తం. బొత్తం నొక్కేది, చెప్పేది, వదిలేది. ఏ ముక్క చెప్పినా రెండుసార్లు చెప్పేది. మొదటిసారికి జనం చెవి ఇటు తిప్పుతారు, రెండోసారికి కాళ్ళు అటు తిప్పుతారు అని ఆవిడ అనుభవం. ఆ అలవాటు ఆవిడతో పాటు ఇంటికీ వచ్చేసింది. "తలుపెయ్యండి, తలుపెయ్యండి" అంటే వీధిలో నాలుగిళ్ళ తలుపులు పడేవి.

బల్ల మీద టైంటేబుల్ కాగితాలు ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా బరువు కోసం ఒక వెండి కప్పు ఉండేది. అది ఆషామాషీ కప్పు కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో మైకక్క దేశదేశాల పాటల పోటీకి వెళ్ళి, నలభై దేశాల గాయకుల్ని మట్టి కరిపించి తెచ్చుకున్న కప్పు. ఆ రోజు హాల్లో ఏడు వేల మంది చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా కూర్చుని పాట విన్నారు. తిరిగొచ్చాక బస్టాండు మేనేజరు "ఇంత మంచి గొంతు ఊరికే పోకూడదు" అని ముచ్చటపడి మైకు చేతికిచ్చాడు.

చిక్కంతా అక్కడే వచ్చి పడింది. జనాన్ని కూర్చోబెట్టిన గొంతు జనాన్ని లేపడం నేర్చుకుంది. మళ్ళీ వెనక్కి రాలేదు. చుట్టాల పెళ్ళిలో ఒకసారి పాడమంటే పాడింది. రెండో చరణం అందుకునేసరికి మగపెళ్ళివారు పెట్టెలు సర్దుకుని, ముసలివాళ్ళని ముందు పెట్టుకుని, తోసుకోకుండా వరసగా వెళ్ళిపోయారు. వరసలో మూడోవాడు పెళ్ళికొడుకు. మలుపు దాటాక పట్టుకొచ్చారు. పోనీ స్నానాలగదిలో కూనిరాగం తీస్తే పై వాటా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసేశారు. ఇక లాభం లేదని మైకక్క పదకొండేళ్ళుగా పాటని మూటగట్టి అటక మీద పెట్టేసింది.

ఊరు ఊరంతటిలో ఆ గొంతుకి లొంగనివాడు ఒకే ఒక్కడు. ఆవిడ మొగుడు. ఆయన బస్సు డ్రైవరు. చేతిలో టీ గ్లాసుంటే మొదటి పిలుపుకి ఉలకడు, రెండో పిలుపుకి పలకడు. ఆవిడే గదిలోంచి కిటికీ అద్దం మీద కొట్టి మూడోసారి పిలిస్తే గానీ లేవడు. బస్టాండులో అందరూ ఆయన్ని 'మూడో పిలుపు' అనేవారు. ఆయన దానికి కూడా రెండుసార్లు పిలిస్తే పలికేవాడు కాదు.

ఇలా ఉండగా ఒకనాడు పొద్దున్నే ఆ గదిలోకి ఒకాయన వచ్చాడు. చొక్కా నలిగిపోయి, జుట్టు గాలివానలో గడ్డివాములా ఉంది. సాంస్కృతిక శాఖలో పెద్ద అధికారి.

"అమ్మా, ఇక్కడ మైకులో మాట్లాడేది ఎవరు?"

"నేనే, నేనే."

"నిన్న మా అత్తగారిని బస్సెక్కించడానికి వచ్చాను. ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. నేను వెళ్ళిపోయాను."

"అయ్యో, ఏ బస్సు? ఏ బస్సు?"

"నాకేం తెలుసు? మీరు పిలిచారు, నేనెక్కాను. నూట పది కిలోమీటర్లు పోయి దిగాక గుర్తొచ్చింది, నాకా ఊళ్ళో పనిలేదని." ఆయన బల్ల మీద కప్పు చూశాడు. దాని మీద చెక్కిన అక్షరాలు చదివాడు. కళ్ళు పెద్దవైపోయాయి. "ఇది మీదా?"

"నాదే, నాదే. కాగితాలు ఎగరకుండా పెట్టా."

ఆయన కుర్చీ లేక టైంటేబుల్ కట్ట మీదే కూలబడ్డాడు. "అమ్మా, మూడేళ్ళుగా పోటీకి పంపిన ప్రతివాళ్ళూ సున్నా పట్టుకొస్తున్నారు. నా టేబులు మీద సున్నాలు తప్ప ఏమీ లేవు. పాత విజేతలు కూడా మళ్ళీ పోటీ చెయ్యొచ్చని ఈ ఏడు నిబంధన మార్చారు. నన్ను నూట పది కిలోమీటర్లు లాక్కుపోయిన గొంతు కప్పుని లాక్కురాదా?"

మైకక్క కాదంది. ఒకటికి రెండుసార్లు కాదంది. కానీ ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే అటక మీద మూట కదిలింది.

సంగతి తెలిసి పక్క ఊళ్ళో ఉండే ఆడపడుచు టేపు మెళ్ళో వేసుకుని వచ్చేసింది. ఆవిడ దర్జీ. వదిన గొంతుకి లొంగకపోవడంలో అన్న పోలికే. పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి, మాటలు ఆ సందుల్లోంచే వస్తాయి. అందుకేనేమో గుచ్చుకుంటాయి.

"అక్కడికెళ్ళి ఏం చేస్తావు వదినా? ఏడు వేల మందినీ ఒకేసారి ఇళ్ళకి పంపిస్తావా?"

"వెక్కిరించు, వెక్కిరించు."

"వెక్కిరించట్లేదు, చెయ్యెత్తు. చంక కొలవాలి. అబ్బో, కిందటిసారికీ ఇప్పటికీ మధ్య ఇంకో వదిన పుట్టుకొచ్చింది."

"చూడమ్మా, నాకు కప్పొద్దు. ఒకటుంది, ఉన్న కాగితాలకి అది చాలు." మైకక్క గొంతు తగ్గింది. "మూడు నిమిషాలు. మూడే నిమిషాలు. జనం కుర్చీల్లో కూర్చుని నా పాట చివరిదాకా వినాలి. వింటే సరే. మధ్యలో లేచారా, ఇక ఈ జన్మలో పాట ఊసెత్తను. ఊసెత్తను."

పేపరు వెనకనుంచి మూడో పిలుపు అన్నాడు, "నేను కూర్చునే ఉంటాగా."

"మీరు కూర్చుంటారు. వింటారని ఎవరు చెప్పారు?"

ఆయన పేజీ తిప్పాడు.

అలా నలుగురూ విమానమెక్కారు. అధికారికి నాలుగు భాషలొచ్చు కాబట్టి మాటసాయానికి ఆయన, బట్టలకి ఆడపడుచు, ఫ్లాస్కు మోయడానికి మొగుడు.

పోటీ హాలు ఆవలిచివర కనపడనంత పెద్దది. అక్కడ వ్యవహారమంతా మెళ్ళో గడియారం వేలాడేసుకున్న ఒక సన్నటి మనిషి చేతిలో ఉంది. పాట మూడు నిమిషాలు. ఒక్క క్షణం దాటినా పోటీలోంచి తీసేస్తారు. ఆయన నవ్వడం కూడా గడియారం చూసే నవ్వేవాడట.

మొదటి రిహార్సలు హోటల్ గదిలో తలుపుకి తాళం వేసుకుని చేస్తే మైకక్క పాట ఆరు నిమిషాలు పట్టింది. పాట పొడుగై కాదు, ప్రతి పంక్తీ రెండుసార్లు పాడింది. ఒక్కసారే పాడదామని చూస్తే గొంతులో ఏదో అడ్డం పడి, రెండోసారి అనేదాకా తరవాతి పంక్తి బయటికి రానంది. అధికారి తల పట్టుకున్నాడు.

"దీనికంత గోలెందుకు?" అంది ఆడపడుచు. "పొడుగైతే కత్తిరించడమే కదా." పాట రాసిన కాగితం లాక్కుని, మధ్యకి మడిచి, గోటితో గీత పెట్టి, కరకరమని రెండు ముక్కలు చేసింది. "ఇదిగో పై సగం. రెండుసార్లు చొప్పున పాడుకో, సరిగ్గా మూడు నిమిషాలు. కుట్టు కూడా కనపడదు."

హాల్లో జరిగిన రెండో రిహార్సల్లో లెక్క సరిపోయింది. గడియారం మనిషి తలూపబోయాడు. ఊపడానికి తల అక్కడ లేదు. ఆయన బయటికి నడిచిపోతున్నాడు.

ఆయనొక్కడే కాదు. కెమెరా వాళ్ళు కెమెరాలు భుజాన వేసుకున్నారు. దీపాల నిచ్చెన మీదున్నతను నిచ్చెన దిగి, నిచ్చెన పట్టుకుని మరీ బయలుదేరాడు. తబలాలూ బాకాలూ వాయిస్తున్నవాళ్ళు వాయిస్తూనే వెళ్ళిపోయారు, సంగీతం వీధి మలుపుదాకా వినపడింది. మిగతా దేశాల గాయకులు ఒకరి వెనక ఒకరు, చేతిలో దొరికిన సంచీ పట్టుకుని. సంచీ దొరకని ఒకావిడ పక్కావిడ సంచీకి ఇంకో చెవి పట్టుకుంది. బయట రోడ్డు మీద వరసగా నిలబడి, ఎందుకు నిలబడ్డామా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారట.

హాల్లో మిగిలింది ఆడపడుచూ, అధికారీ, మూడో పిలుపూ. అధికారిని కూడా ఆడపడుచు చొక్కా పట్టుకుని ఆపితే ఆగాడు.

"వీళ్ళకి మన భాష ఒక్క ముక్క రాదు కదమ్మా, ఎలా లేచారు?" అన్నాడాయన దిగాలుగా.

"ఆవు అంబా అంటే దూడకి మధ్యలో ఎవరైనా అర్థం చెప్పాలా సార్?" అంది ఆడపడుచు.

మైకక్క ఏమీ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. దాంతో అందరికీ భయమేసింది.

పోటీ రోజు మధ్యాహ్నం మేకప్ గదిలో అద్దం ముందు కూర్చుంది. చుట్టూ బల్బులు, మధ్యలో మొహం వెలవెలబోతోంది. పక్క స్టూలు మీద మొగుడు ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు.

"ఏవండీ, వెళ్ళిపోదాం. వెళ్ళిపోదాం."

"టీ తాగనీ."

"నా పరువు గంగలో కలుస్తుంటే మీకు టీయా? టీయా?"

ఆయన ఊదుకుని ఒక గుక్క తాగాడు. "నేను రెండు పిలుపులకి ఎందుకు లేవనో ఎప్పుడైనా ఆలోచించావా?"

"బద్ధకం. బద్ధకం."

"అదీ ఉందనుకో. ఇంకోటి కూడా ఉంది. అప్పుడప్పుడూ నువ్వు 'ఆలస్యముగా నడుచుచున్నది' అంటావు చూడు. అది వస్తుందేమోనని కూర్చుంటా. లేచి బండెక్కితే ఇంజను మోతలో వినపడదు కదా."

మైకక్క అద్దంలోంచే ఆయన్ని చూసింది. "అదేం పాటండీ? ఎవరికైనా ఒళ్ళు మండే మాట అది."

"మండదు. గదిలో కూర్చుని కాగితాలు చూసుకుంటావు, నీకేం తెలుసు? బస్సు వచ్చిందని చెప్పేటప్పుడు నీ గొంతు చివర్లో పైకి లేస్తుంది, కొరడా లాగ. ఆలస్యమని చెప్పేటప్పుడు కిందికి దిగుతుంది. చెప్పడం అయిపోయినా బొత్తం మీద వేలు వెంటనే తియ్యవు. ఒక ఊపిరి వదులుతావు. పాపం, వీళ్ళంతా ఎంతసేపు కూర్చోవాలో అన్నట్టు. ఆ ఊపిరి బస్టాండంతా వినపడుతుంది. వినగానే జనం మూటలు దింపుతారు. చెప్పులు విప్పుతారు. పక్కవాడిది ఏ ఊరో అడుగుతారు. అప్పటిదాకా కాట్లాడుకున్నవాళ్ళు కూడా సర్దుకుని కూర్చుంటారు." ఇంకో గుక్క తాగాడు. "ఇరవై నాలుగేళ్ళలో నీ గొంతులో నాకు నచ్చిన పాట అదొక్కటే. మిగతావన్నీ డ్యూటీ."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. మైకక్క కళ్ళు తుడుచుకుంటే ఆడపడుచు "రంగు పోతుంది వదినా" అని గుడ్డముక్క అద్దింది. తన కళ్ళకి కూడా అదే అద్దుకుంది, సూది గుచ్చుకుందని చెప్పి.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. పాత విజేత కాబట్టి ఆఖరి పాట మైకక్కది. అధికారి ముందు వరసలో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ ఏ ఊరు పోతానో అని.

మైకక్క నడుమ్మీద చెయ్యి వేసి మొదటి పంక్తి ఎత్తుకుంది.

"కిటికీ తలుపు తీసి చూస్తే వాన వెలిసింది..."

భయం ఒకటి ఉంది కదా, పాత అలవాటు తన్నుకొచ్చింది. గొంతు చివర్లో కొరడాలా లేచింది. అంతే, ఏడు వేల కుర్చీలు కిర్రుమన్నాయి. న్యాయనిర్ణేతలు కోట్లు అందుకున్నారు. గుమ్మం దగ్గర అప్పుడే వరస కట్టేశారు.

అదే పంక్తి రెండోసారి పాడాలి. రెండుసార్లు చెప్పే అలవాటే ఆ పూట ఆవిడ పాలిట దేవుడైంది. మైకక్క కళ్ళు మూసుకుంది. కట్టెదుట బస్టాండు కనపడింది. ఎండలో నిలబడి నిలబడి అలిసిపోయిన జనం కనపడ్డారు. బస్సు ఇంకా ఎక్కడో దూరంగా ఉంది, ఆ మాట వాళ్ళ మనసు నొప్పించకుండా చెప్పాలి.

"కిటికీ తలుపు తీసి చూస్తే వాన వెలిసింది..."

ఈసారి గొంతు మెట్టుమెట్టుగా కిందికి దిగింది. దిగి, చివర్లో మైకు దగ్గరే ఆగి, ఒక ఊపిరి వదిలింది.

గుమ్మం దగ్గర మొదట నిలబడ్డవాడు "హుఁ" అని సంచీ కింద పెట్టాడు. వెనకవాడూ పెట్టాడు. ధబ్ ధబ్ ధబ్ మని ఏడు వేల సంచులు దిగాయి. జనం ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు, కుర్చీ దాకా వెళ్ళలేనివాళ్ళు మెట్ల మీదే. మూడో పంక్తికి చెప్పులు విప్పారు. అయిదో పంక్తికి ఎవరో బిస్కెట్ల పొట్లం విప్పితే అది వరస చివరిదాకా వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. ఇరవై ఏళ్ళుగా మాటల్లేని రెండు దేశాల న్యాయనిర్ణేతలు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు తల వాల్చారు. గడియారం మనిషి స్టేజీ అంచు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. గడియారం తీసి జేబులో పెట్టుకున్నాడు.

పాట అయిపోయింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మైకక్క భయం భయంగా కళ్ళు తెరిచి చూసింది.

ఏడు వేల మందీ కూర్చునే ఉన్నారు.

ముందు వరసలో ఒక ముసలావిడ తన సంచీ పక్కకి జరిపి, ఖాళీ అయిన కుర్చీ మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. రామ్మా, నువ్వూ కూర్చో, చాలాసేపట్నుంచీ నిలబడ్డావు అన్నట్టు. మైకక్క స్టేజీ మీదనుంచే చేతులు జోడించింది. రెండుసార్లు.

ఇక మార్కుల సంగతి. ప్రతి పాట అయ్యాక న్యాయనిర్ణేతలు పది నిమిషాల్లో బొత్తాలు నొక్కాలి. వాళ్ళేమో హాయిగా వాలిపోయి, ఎక్కడికి పోతుందిలే, ఇంకా టైముంది అనుకున్నారు. పది నిమిషాలు దాటిపోయాయి. బోర్డు మీద మైకక్క దేశం పక్కన గుండ్రంగా, నున్నగా సున్నా పడింది. కప్పు ఎవరో అక్కచెల్లెళ్ళకి దక్కింది.

"మళ్ళీ సున్నాయే!" అన్నాడు అధికారి. అన్నాడే గానీ ఆ గొంతులో బాధ ఎంత వెతికినా దొరకదు. మేజోళ్ళు విప్పి పక్క కుర్చీ మీద ఆరేసుకుని ఉన్నాడు.

అంతా అయిపోయినా జనం కదలరు. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని చూసి చూసి వాళ్ళూ కూర్చున్నారు. చివరికి గడియారం మనిషికి ఎలాగో తెలివొచ్చి మైకక్క దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టాడు. ఏమంటున్నాడో ఎవరూ తెలుగులో చెప్పక్కర్లేకుండానే ఆవిడకి అర్థమైంది. మైకు అందుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. అన్ని బస్సులూ బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నవి. అన్ని బస్సులూ బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నవి!"

నాలుగు నిమిషాల్లో హాలు ఖాళీ. అక్కచెల్లెళ్ళు కప్పుతో సహా వరసలో వెళ్ళిపోయారు. అధికారి మేజోళ్ళు మరిచిపోయి మరీ వెళ్ళాడు, ఈసారి ఆయన్ని పట్టుకోవడం ఆడపడుచు వల్ల కాలేదు.

నడిమధ్యలో ఒక్క కుర్చీలో మాత్రం మూడో పిలుపు, టీ పోసుకుంటున్నాడు.

"మీరు కూడా లేవండి. లేవండి."

"మూడోసారి పిలవలేదుగా." ఆయన చెల్లెలి వైపు తిరిగాడు. "ఏమే, కత్తిరించిన ఆ కింది సగం ఎక్కడ పారేశావు?"

"పారెయ్యడమా? గుడ్డపేలిక పారెయ్యను, పాట పారేస్తానా అన్నయ్యా?" అంటూ ఆడపడుచు కత్తెర సంచీలోంచి మడత కాగితం తీసి వదిన చేతిలో పెట్టింది. అన్న పక్కన కూర్చుంది. నోట్లోంచి నాలుగు సూదులూ తీసి జాకెట్టుకి గుచ్చుకుంది. మనిషి నోరు ఖాళీగా ఉండగా చూడటం మైకక్కకి అదే మొదటిసారి.

ఆవిడ పాడబోతుంటే మొగుడి జేబులో ఫోను మోగింది. బస్టాండు మేనేజరు. ఏడుపొక్కటే తక్కువ.

"అన్నా, అక్క పాట టీవీలో పెట్టాం. అది విన్నప్పట్నుంచీ ఒక్కడు కూడా బస్సెక్కట్లేదు. డ్రైవర్లు స్టీరింగ్ మీద కాళ్ళు పెట్టుకున్నారు. కుక్క కూడా వెల్లకిలా పడుకుంది. అక్కని ఏదో ఒకటి చెప్పమను!"

"ఆలస్యమని చెప్పింది కదరా, కూర్చోమను," అని మూడో పిలుపు ఫోను కట్టేసి, టీ గ్లాసు కింద పెట్టి, పెళ్ళాం వైపు తిరిగాడు. "ఊఁ, కానీ."

మైకక్క కింది సగం అందుకుంది. ఒక్కో పంక్తీ ఒక్కసారే పాడింది. గొంతులో ఏదీ అడ్డం పడలేదు. టీ మీద మీగడ కట్టింది గానీ ఆయన గ్లాసు ముట్టుకోలేదు.